విజయపురి అష్టభుజస్వామి ఆలయము – జీర్ణోద్ధరణ ధర్మము

(మహాసంప్రోక్షణ మహోత్సవ సభలో ఆలయ ప్రధానార్చకులు చేసిన ప్రసంగ పాఠము)

  



స్వామివారి అనుగ్రహము వలన, మీ అందరి సహకారము వలన, ఆలయ జీర్ణోద్ధరణ కార్యక్రమము ఈనాటికి ఒక కొలిక్కి వచ్చినది. అంకురార్పణము మొదలు మహాసంప్రోక్షణము వరకు ప్రతి క్రతువును ఋత్విక్కులు శాస్త్రోక్తముగా నడిపించినారు. అన్నదానమునకు బియ్యము పంపినవారు, ఇసుక తోలినవారు, రాత్రులందు కాపలా కాసినవారు, పూలు గ్రుచ్చిన తల్లులు, అందరికీ నా మంగళాశాసనములు.

ఈ సంచికలో ఆలయ చరిత్రను గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగినారు. మన ఆలయ స్థలపురాణమును మీరు మీ తాతముత్తాతల నోట వినియే యున్నారు. అందుచేత నేను నేడు వేరొక ఆలయమును గురించి చెప్పదలచినాను. అది మన పలనాటి సీమలోనిదే. మన ఆలయము కంటె ఎన్నో వందల సంవత్సరములు పెద్దది. నేడు దానికి ధూపము లేదు, దీపము లేదు. అది కృష్ణానది నీటి క్రింద ఉన్నది. దానిని గురించి ఈ శుభసమయమున చెప్పుటకు కారణము కలదు. ఆ కారణములో నా తప్పు కూడ ఒకటి ఉన్నది. దానిని చివర విన్నవించుకొందును.

నాగార్జునకొండను మీలో చూడనివారు ఉండరు. పిల్లలను తీసికొని విజయపురి సౌత్ నుండి లాంచీ ఎక్కి, నీటి నడుమనున్న ఆ కొండకు పోయి, మ్యూజియము చూచి సాయంకాలమునకు తిరిగి వచ్చియుందురు. మీరు లాంచీలో పోవునది ఒకనాటి లోయ మీదుగా. మూడు వైపుల కొండలు, నాలుగవ వైపు కృష్ణ, నడుమ ఒక మహానగరము. ఆ నగరము పేరు విజయపురి. శ్రీపర్వతము చెంత వెలసిన ఆ విజయపురి, శాతవాహనుల తరువాత ఆంధ్రదేశమునేలిన ఇక్ష్వాకు రాజులకు రాజధాని. క్రీస్తు శకము మూడవ శతాబ్దము నాటి మాట ఇది.

ఇక్ష్వాకులలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. అతడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసినట్లు ఆ వంశము వారి శాసనములు చెప్పుచున్నవి. బంగారమును, గోవులను, నాగళ్ళను లక్షల లెక్కన దానము చేసినాడని వానిలో వర్ణింపబడినది. గోవుతో, సువర్ణముతో పాటు నాగలిని దానము చేసిన రాజు మన సీమవాడని తలచుకొన్నప్పుడు నాకు సంతోషము కలుగును. వర్షాధారమైన ఈ నేలలో నాగలి విలువ ఎరిగిన ప్రభువు అతడు. అతనికి మహాసేనుడు, అనగా మన సుబ్రహ్మణ్యస్వామి, ఇలవేల్పు. అతని చెల్లెలు చాంతిశ్రీ బౌద్ధ ధర్మమునందు భక్తి గలది. చాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుని ఏలుబడి ఆరవ సంవత్సరమున మహాచైత్యమునకు ఆమె చేసిన సేవను అచ్చటి స్తంభ శాసనములు తెలుపుచున్నవి. అన్న యజ్ఞము చేసినాడు, చెల్లెలు చైత్యమును పోషించినది. ఒకే ఇంట రెండు దీపములు వెలిగినవి. ఒకటి రెండవదానిని ఆర్పలేదు. దాతలు ఇది గమనింపదగిన విషయము.

వీరపురుషదత్తుని తరువాత ఎహువుల చాంతమూలుడు రాజైనాడు. అతని కాలములో విజయపురిలో దేవాలయములు విశేషముగా లేచినవి. అతని పదునొకండవ ఏట ఎలిశ్రీ అను సేనాని సర్వదేవాలయమును కట్టించినాడు. పుష్పభద్రస్వామి అను పేర శివాలయము ఒకటి వెలసినది. ఆ ఆలయము ముందున్న ధ్వజస్తంభము మీదనే శాసనము చెక్కబడినది. మొన్న మనము ధ్వజస్తంభ ప్రతిష్ఠ చేసికొన్నాము కదా! మీరందరు నవధాన్యములు వేసి కన్నుల కద్దుకొన్నారు. ఆ ఆచారమునకు ఎంత వయస్సు కలదో చూడుడు. రమారమి పదునేడు వందల సంవత్సరముల క్రిందటనే మన పలనాటిలో దేవుని ఎదుట ధ్వజస్తంభము నిలిచినది. దక్షిణదేశమున మనకు ఆనవాళ్ళు దొరికిన మిక్కిలి పురాతనమైన దేవాలయములలో ఈ విజయపురి ఆలయములు చేరును.

ఆ ఆలయములలో అష్టభుజస్వామి ఆలయము ఒకటి. ఎనిమిది భుజములు గల నారాయణుడు అచ్చట కొలువైనాడు. తవ్వకములలో ఆ ఆలయపు చోట ఒక శంఖము దొరికినది. దాని మీద అష్టభుజస్వామి పేరు అక్షరములలో ఉన్నది. చక్రము గుర్తు కూడ చెక్కబడినది. దేవుని సొత్తునకు ఆనవాలుగా పేరు వ్రాయించు అలవాటు అప్పుడే ఉన్నదన్నమాట. నేటికిని మనము పళ్ళెము మీద, గంట మీద, గొడుగు కర్ర మీద స్వామివారి పేరు, దాత పేరు కొట్టించుచున్నాము.

అచ్చటనే ఒక శాసనము దొరికినది. డి.సి. సర్కార్ గారి వంటి మహాపండితులు దానిని చదివి ప్రకటించినారు. అది ఆభీర వసుసేనుడను రాజుయొక్క ముప్పదవ సంవత్సరము నాటిది. దానిని క్రీ.శ. 278గా పండితులు లెక్కగట్టినారు. దేవతలకు పరమదేవుడు, పురాణపురుషుడు అయిన నారాయణునకు నమస్కారముతో అది మొదలగును. ఆ తరువాత ఆ పుణ్యకార్యములో పాలుపంచుకొన్నవారి పేర్లున్నవి. కౌశిక గోత్రుడైన శివసేపుడను మహాతలవరుడు, సంజయపురికి చెందిన యోన రాజులు, అవంతి దేశపు శక రుద్రదాముడు, వనవాసికి చెందిన విష్ణురుద్రశివలానంద శాతకర్ణి. అవంతి ఎక్కడ? ఉజ్జయిని ప్రాంతము. వనవాసి ఎక్కడ? కన్నడ దేశము. శకులు, యోనులు మూలమున విదేశములనుండి వచ్చిన జాతుల వారు. వారందరు కృష్ణ ఒడ్డున మన పలనాటి దేవుని చెంత చేయి కలిపినారు.

ఇక వారు చేసిన పనుల జాబితా వినుడు. దానిని చదివినప్పుడెల్ల అది మన ఆలయ కమిటీ తీర్మానముల పుస్తకమువలె నాకు తోచును. మేడికర్రతో చేసిన అష్టభుజస్వామిని సేడగిరి యందు, కదలింపకుండ, నిలిపినారు. కొండకు ప్రాకారము కట్టించినారు. మహానంద అను బావిని శుభ్రము చేయించినారు. సేడగిరి యందు ఒకటి, ముడేర యందు ఒకటి, రెండు చెరువులు త్రవ్వించినారు. తాటితోపులు నాటించినారు.

ఈ అయిదు పనులను ఒక్కొక్కటిగా ఆలోచింపుడు. ప్రాకారము క్రొత్తది. చెరువులు క్రొత్తవి. తోపులు క్రొత్తవి. బావి మాత్రము పాతది. ఎవరో ముందటి పుణ్యాత్ములు త్రవ్వించినది. ఆ రాజులు తలచుకొన్నచో దానిని పూడ్చి, తమ పేర క్రొత్త బావి త్రవ్వింపలేరా? అట్లు చేయలేదు. పాత బావిలోని పూడిక తీయించినారు. బావి పాత పేరు పాత పేరుగనే ఉంచినారు. అంతేకాదు, పాత బావిని బాగుచేయుటను చిన్న పనిగా తలపక, చెరువులు త్రవ్వించుటతో సమానముగ శాసనములో చెక్కించినారు. నా దృష్టిలో ఇది జీర్ణోద్ధరణ ధర్మమునకు మన పలనాటి రాతి సాక్ష్యము. క్రొత్త ఆలయము కట్టించుటకంటె జీర్ణమైన ఆలయమును ఉద్ధరించుట ఎన్నో రెట్లు పుణ్యమని పెద్దలు చెప్పుదురు. ఎందులకు? క్రొత్తది కట్టువాడు తన భక్తిని నిలుపును. జీర్ణమును ఉద్ధరించువాడు తన భక్తితో పాటు తన ముందటివాని భక్తిని కూడ నిలుపును.

మేడికర్రను గురించి ఒక మాట. మేడి చెట్టును సంస్కృతమున ఉదుంబరమందురు. యజ్ఞమునకు యోగ్యమైన వృక్షములలో అది ఒకటి. మీలో కొందరు నన్ను అడిగినారు: ‘స్వామీ, ఇన్ని నెలలు మూలవిరాట్టును సేవింపనీయక, బాలాలయములో చిన్న కర్ర బొమ్మకు పూజ చేసినారేమి?’ అని. గర్భాలయములో పని జరుగునప్పుడు మూలమూర్తిలోని కళను కలశమునందు ఆకర్షించి, బాలాలయమున దారుబింబమునందు నిలిపి, నిత్యార్చన లోపింపకుండ జరుపుట సంప్రదాయము. కొయ్యలో దేవుడుండునా అను సందేహము అక్కరలేదు. పూరీ జగన్నాథుడు దారుమూర్తియే. కాంచీపురమున వరదరాజస్వామి కోనేటిలో జలశయనము చేయు అత్తి వరదర్ మూర్తి కూడ అత్తికర్రదే. అత్తి అన్నను మేడియే. ఆ స్వామిని నలువది ఏండ్లకొకసారి నీటినుండి వెలికి తీసి సేవింతురు. 1979లో తీసినారు, మరల 2019లో తీసినారు. లక్షల జనము పోయి సేవించినది. ఆ కాంచీపురముననే అష్టభుజ పెరుమాళ్ళ దివ్యదేశము కూడ ఉన్నది. అష్టభుజ మూర్తి, మేడికర్ర, నీరు, ఈ మూడును కాంచీపురమున నేటికిని ఆరాధనలో ఉన్నవి. మన విజయపురిలో శాసనమునందే మిగిలినవి.

విజయపురి ఎట్లు మరుగుపడినది? నాలుగవ శతాబ్దము మొదటి భాగములో ఇక్ష్వాకుల ప్రాభవము అంతరించినది. పల్లవులు వచ్చినారు. మన మంచికల్లులో దొరికిన సింహవర్మ ప్రాకృత శాసనము పల్లవుల శాసనములలో తొలి నాటిది. రాజులు మారినారు, రాజధాని మారినది. ఇటుకలు కూలినవి. మేడికర్ర మూర్తి కాలగర్భమున కలిసినది. లోయలో చెట్లు పెరిగినవి. పశువుల కాపరులకు, చెంచులకు, లంబాడీలకు తప్ప ఆ చోటు ఎవరికిని పట్టలేదు. వందల ఏండ్లు అట్లే గడచినవి.

1926లో సూరపరాజు వెంకటరామయ్యగారను స్థానిక ఉపాధ్యాయుడు ఆ లోయలో ఒక పురాతన స్తంభమును చూచినారు. చూచి ఊరకుండలేదు. అప్పటి మదరాసు ప్రభుత్వమునకు తెలియజేసినారు. దానితో శాసన శాఖవారు వచ్చి చూచినారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొరగారు, 1938లో టి.ఎన్. రామచంద్రన్‌గారు తవ్వకములు జరిపినారు. ఒక బడిపంతులు ఒక రాతిని చూచి ‘ఇది ఏమి?’ అని అడిగినందువలన ఒక మహానగరము లోకమునకు తెలిసినది. ఈ మాట మీరు మనస్సునందుంచుకొనుడు. దీని అవసరము ముందు కలదు.

ఆ తరువాత స్వాతంత్ర్యము వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసినారు. ఆనకట్ట లేచినచో లోయ మునుగును. అందుచేత 1954 నుండి 1960 వరకు డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున పురావస్తు శాఖవారు కాలముతో పందెము వేసినట్లు లోయనంతయు త్రవ్వి పరిశీలించినారు. వందకు పైగా స్థలములు బయటపడినవి. రాతియుగపు పనిముట్ల నుండి మధ్యయుగపు కట్టడముల వరకు అన్నియును ఆ ఒక్క లోయలో ఉన్నవి. మన అష్టభుజస్వామి ఆలయము, ఆ శాసనము వెలుగు చూచినది ఈ తవ్వకములలోనే.

మా తండ్రిగారు ఆ రోజులలో ఒకసారి అచ్చటికి పోయి చూచి వచ్చినారు. నేను అప్పటికి పుట్టలేదు. నా చిన్నతనమున ఆయన రాత్రి భోజనముల తరువాత అరుగు మీద కూర్చుండి చెప్పెడివారు. ‘నాయనా, ఎఱ్ఱని మట్టిలో తెల్లని రాళ్ళు బారులు తీరి ఉన్నవిరా. కూలివారు చిన్న కుంచెలతో దుమ్ము దులుపుచున్నారు. గర్భగుడి చోటు నాకు తెలిసిపోయినది. అచ్చట నిలబడి నాకు వచ్చిన మంత్రము చెప్పుకొని వచ్చినాను. ఇన్ని వందల ఏండ్లకు ఆ స్వామికి అర్చకుని నోట మంత్రము వినబడినది’ అని. ఆ మాట చెప్పునప్పుడు ఆయన గొంతు వణకెడిది.

కొన్ని కట్టడములను రాయి రాయిగా విప్పి, సంఖ్యలు వేసి, పైకి తరలించి మరల పేర్చినారు. స్నానఘట్టము, సింహళ విహారము మొదలైనవి కొండ మీదను, పెద్ద రంగభూమి మొదలైనవి అనుపు వద్దను మీరు చూచినవే. మరి కొన్నిటికి నమూనాలు చేసినారు. అన్నిటిని తరలించుట మానవసాధ్యము కాదు. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. లోయ జలాశయమైనది.

విగ్రహ ప్రతిష్ఠకు ముందు మూర్తికి జలాధివాసము చేయింతుము. నీటిలో ఉంచి, ఆ పిమ్మట వెలికి తీసి ధాన్యాధివాసము, శయ్యాధివాసము చేసి, పీఠము మీద నిలుపుదుము. విజయపురికి కూడ ఒక విధమైన జలాధివాసమే జరిగినది. కాని దానిని వెలికి తీయువారు లేరు. ఆ ఆలయమును మనకు వెలికి తీసి చూపునది ఆ శాసనములోని అక్షరములు మాత్రమే.

ఇచ్చట ఒక సత్యమును మనము ఒప్పుకొనవలెను. ఆ లోయను ముంచిన నీరే మన పొలములకు వచ్చినది. కుడి కాలువ, అనగా జవహర్ కాలువ, రాకముందు మన తాతలు జొన్న, వరిగ, ఆముదము నమ్ముకొని ఆకాశము వంక చూచుచు బ్రతికినారు. పలనాటివారికి వరి అన్నము పండుగనాటి భోజనమని పేరు. కాలువ వచ్చిన తరువాత వరి పండినది, మిర్చి పండినది, ప్రత్తి పండినది. ఈ ఆలయమునకు మీరు సమర్పించిన ద్రవ్యములో ఎంత భాగము ఆ నీటి వలన వచ్చినదో మీరే లెక్కవేసికొనుడు. నేను ఆనకట్టను నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట కూడ దైవారాధనమే. కాని ఒక ఆలయము మునిగి మనకు అన్నము పెట్టినప్పుడు, మిగిలియున్న ఆలయములను కాపాడు ఋణము మన మీద ఉన్నది. దేవ ఋణము, ఋషి ఋణము, పితృ ఋణము వలె ఇది పలనాటివారికి ప్రత్యేకమైన ఋణమని నా మనవి.

ఇప్పుడు నా తప్పును చెప్పుకొందును.

సుమారు ముప్పది ఐదు సంవత్సరముల క్రిందట నేను వేరొక గ్రామమున అర్చకత్వము చేయుచుంటిని. ఆ ఊరి పేరు, అచ్చటివారి పేర్లు అక్కరలేదు. అచ్చటి ఆలయమునకు మరమ్మతులు జరిగినవి. ముఖమండపము ప్రక్కన ఒక పలక రాయి నిలువుగ ఉండెడిది. పైన సూర్యుడు, చంద్రుడు. క్రింద అక్షరములు. పాత తెలుగు లిపి కనుక మాకెవ్వరికిని చదువరాదు. నాకు స్వరముతో వేదము వచ్చును, ఆగమము వచ్చును, ఆ రాయి మాత్రము చదువరాదు. పని చేయించు పెద్దలు ‘ఈ రాయి అడ్డము’ అన్నారు. మేస్త్రీ దానిని తీసికొనిపోయి వంటశాల గుమ్మము ముందు మెట్టుగ వేసినాడు. అక్షరములున్న వైపు పైకి ఉన్నది. నాకు మనస్సునందు ఏదో గుచ్చుకొన్నది. కాని నేను అప్పుడు చిన్నవాడను, క్రొత్తగ వచ్చినవాడను. దాతలు నొచ్చుకొందురేమో అని నోరు మెదపలేదు.

ఆ పిమ్మట పది సంవత్సరములు నేను ప్రతిదినము నైవేద్యము పళ్ళెము చేతబట్టుకొని ఆ రాతి మీద కాలు మోపియే గర్భాలయములోనికి పోయినాను. వంటవారు దాని మీద బిందెలు ఈడ్చినారు. పండుగలకు పప్పు రుబ్బు రోలు దాని మీదనే నిలిపినారు. పదవ ఏట ఒక పరిశోధక విద్యార్థి శాసనములు వెదకుచు వచ్చినాడు. రాతి మీద నీళ్ళు పోసి, సుద్దపొడి చల్లి, గంటసేపు వంగి చూచినాడు. మొదటి పంక్తిలో స్వస్తి అను మాట, చివర ఎక్కడో భూమి అను మాట కనబడినవి. నడుమ అంతయు అరిగిపోయినది. దానము చేసినది ఎవరు? ఎంత భూమి? ఏ దేవునికి? ఏ సంవత్సరము? ఏమియు తెలియలేదు. ఆ అబ్బాయి నన్ను ఏమియు అనలేదు. ‘పది ఏండ్ల ముందు వచ్చియుంటే బాగుండెడిది, స్వామీ’ అని మాత్రము అన్నాడు.

సూర్యచంద్రులు మాత్రము చక్కగ ఉన్నారు. శాసనము పైన సూర్యచంద్రులను చెక్కించుట ఎందులకో మీకు తెలియును. సూర్యచంద్రులున్నంత కాలము ఈ దానము నిలుచుగాక అని. చెక్కించిన దాత తన మాట నిలబెట్టుకొన్నాడు. సూర్యచంద్రులును నిలబెట్టుకొన్నారు. నిలబెట్టుకొననివాడను నేను. ఆ దాత నిత్యనైవేద్యమునకు భూమి ఇచ్చియుండును. ఆ నైవేద్యమును మోసికొనిపోవుచు నేనే అతని పేరును నా పాదములతో అరగదీసితిని. ఆనాడు సూరపరాజు వెంకటరామయ్యగారి వంటి బడిపంతులు ఒక్కరు ఆ ఊరిలో ఉన్నను ఆ రాయి మిగిలియుండెడిది. చదువుకొన్న నేను ఉండియు అది పోయినది.

అందుచేత ఈ ఆలయ జీర్ణోద్ధరణ తలపెట్టిన మొదటి దినముననే నేను కమిటీ పెద్దలను ఒకటి కోరినాను. పాత రాతిని నాకు చూపకుండ కదలింపవద్దని. వారు పెద్ద మనస్సుతో ఒప్పుకొన్నారు. స్తంభములకు పట్టిన సున్నపు పొరలను కొబ్బరిపీచుతో, నీటితో తోమించినారే గాని, ఇసుకను యంత్రముతో విసరి కొట్టించు పద్ధతికి పోలేదు. ఆ పద్ధతిలో రాయి తెల్లగ నిగనిగలాడును గాని అక్షరములు, శిల్పము ముక్కు చెవులు దానితోనే రాలిపోవును. ప్రాకారములో తలక్రిందులుగ ఉన్న శాసన ఖండమును తీయించి, ఉత్తరపు గోడకు ఆనించి, నీడలో నిలిపించినారు. క్రొత్త దాతల పేర్లను క్రొత్త నల్లరాతి మీదనే చెక్కించినారు, పాత రాతి మీద ఉలి మోపలేదు. ఇందులకు కమిటీవారికి నా కృతజ్ఞతలు.

ఇక ఒక కోరిక మిగిలియున్నది. రెండవ దశలో ముఖమండపమును తీసివేసి, దాని స్థానమున విశాలమైన సిమెంటు మండపము కట్టింతుమని కొందరు దాతలు ముందునకు వచ్చినారని విన్నాను. వారి భక్తిని నేను శంకింపను. కళ్యాణము నాడు జనము ఎండలో నిలబడుచున్నారని వారి బాధ. ఆ బాధ న్యాయమైనది. కాని అయ్యలారా! ఆ ముఖమండపపు స్తంభములను మోయించినవారు, చెక్కినవారు, వెల ఇచ్చినవారు కూడ మీవంటి దాతలే. వారికి తరువాత మాట్లాడువారు లేరు కనుక వారి పక్షమున నేను మాట్లాడుచున్నాను. పాత మండపమును అట్లే ఉంచి, తూర్పున ఖాళీ స్థలమున మీ మండపమును కట్టింపుడు. జనమునకు నీడయు దొరకును, పూర్వుల కీర్తియు నిలుచును. ఆభీర వసుసేనుని నాటి దాతలు క్రొత్త చెరువులు వేరుగ త్రవ్వించినారు, పాత బావిని పాత బావిగనే శుభ్రము చేయించినారు. మీరును అట్లే చేయుడు. చేతులు జోడించి అడుగుచున్నాను. ఇది అర్చకుని ఆజ్ఞ కాదు, ఒకసారి తప్పుచేసిన ముసలివాని మనవి.

యువకులకు ఒక మాట. మన పలనాటివారికి రాతిని గౌరవించుట క్రొత్తగ నేర్పవలసినది కాదు. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉన్నది. ప్రతి ఏట కార్తీక మాసమున వీరారాధన ఉత్సవములు జరుగును. బ్రహ్మనాయుని చాపకూడును తలచుకొని మందపోరు నాడు అందరు కలిసి భుజింతురు. అచ్చట మనము మ్రొక్కునది రాళ్ళకే, వీరుల ఆయుధములకే. యుద్ధములో పడిన వీరునికి రాయి నిలిపి వందల ఏండ్లు మ్రొక్కుచున్న జాతి, దేవునికి మడి చెక్క ఇచ్చిన రైతు రాతిని మెట్టుగ వేయరాదు. మీ ఊరి గుడిలో, చెరువు కట్ట మీద, చేని గట్టున అక్షరములున్న రాయి కనబడినచో దానిని చదువగలవారికి చూపుడు. చేతి ఫోనుతో ఫోటో తీయుట నేడు ఎంత పని? తీసి ఉంచుడు. రాయి పోయినను అక్షరము మిగులును. విజయపురి మనకు నేర్పినది ఇదే.

ఈ సంచికలో మీ పేర్లు అచ్చగుచున్నవి. నూటపదహార్లు ఇచ్చిన వితంతువు పేరును, లక్షలు ఇచ్చిన వ్యాపారి పేరును ఒకే అక్షరముతో అచ్చు వేయించినారు. ఆ సమత నాకు ఎంతో నచ్చినది. ఈ పుస్తకమును అటక మీద పారవేయక పూజామందిరములో ఉంచుకొనుడు. వంద సంవత్సరములకు ఎవరో ఒక పిల్లవాడు దీనిని తెరచి, ‘మా ముత్తవ్వ పేరు ఇచ్చట ఉన్నది’ అని చూపించుగాక. అంతవరకు మన ముందటివారి పేర్లను మనము కాపాడుదము. మన పేర్లను మన తరువాతివారు కాపాడుదురు.

శ్రీపర్వత విజయపురిలో నీటి అడుగున నున్న అష్టభుజ నారాయణుడు, ఇచ్చట మన ఆలయమున నూతన తేజస్సుతో వెలుగుచున్న స్వామివారు ఇరువురు కారు, ఒక్కరే. ఆ ఒక్క స్వామి మీ కుటుంబములను, మీ పాడిపంటలను, ఈ పలనాటి సీమను చల్లగ చూచుగాక. సకాలమున వర్షములు కురియుగాక. కాలువలు నిండుగ పారుగాక.

సర్వే జనాః సుఖినో భవంతు.

స్వస్తి.